చర్చి గేటు దాటి వీధిలోకి: పొరుగువారికి సేవ మొదలుపెట్టాలనుకునే సంఘాలకు సమగ్ర మార్గదర్శి

డిసెంబరు వస్తే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా సంఘాలు ఏదో ఒకటి పంచుతాయి. చీరలు, దుప్పట్లు, బిరియానీ పొట్లాలు. ఫ్లెక్సీ కడతారు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, జనాన్ని వరసలో నిలబెట్టి ఇస్తారు, ఫొటోలు తీస్తారు. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ దుప్పటి తీసుకున్న ముసలాయనకు జనవరిలో జ్వరం వస్తే సంఘంలో ఎవరికీ కబురు అందదు. ఆయన ఇల్లు ఎక్కడో కూడా మనకు తెలియదు.

సంఘంలో కనికరం పెరిగేది పంపిణీ రోజున కాదని నా గట్టి నమ్మకం. పక్కింటి మనిషి పేరు తెలిసి, కష్టం తెలిసి, మళ్ళీ మళ్ళీ ఆ గడప తొక్కినప్పుడే అది పెరుగుతుంది. మంచి సమరయుని కథ లూకా 10వ అధ్యాయంలో ఉంది, అందరికీ తెలిసిందే. అందులో నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టిన సంగతి మనం ఎక్కువగా చెప్పుకుంటాం. పూటకూళ్ళవాడితో అతను చివర అన్న మాట దగ్గర ఆగం. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే మళ్ళీ వస్తానన్నాడు. ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఆ మళ్ళీ రావడం కోసమే.

మొదటి అడుగు: హద్దు, బృందం

మందిరం చుట్టూ నలభై, యాభై ఇళ్ళు తీసుకోండి. అంతకంటే ఎక్కువ వద్దు. ఏ సందు నుంచి ఏ సందు దాకానో కాగితం మీద గీసుకోండి. మండలమంతా సేవ చేస్తామని మొదలుపెట్టిన సంఘాలు మూడో నెలకల్లా మళ్ళీ దుప్పట్ల దగ్గరికే వస్తాయి.

బృందానికి ఆరుగురు చాలు. అందులో సగం మందైనా స్త్రీలు ఉండాలి, ఎందుకంటే వంటింటి దాకా వెళ్ళి మాట్లాడగలిగేది వాళ్ళే. సంఘంలో ఆశా వర్కర్ గానీ, రిటైరైన టీచరు గానీ ఉంటే తప్పకుండా అడగండి. బైకు ఉండి, ఫోన్‌లో దరఖాస్తులు నింపడం వచ్చిన కుర్రాడు ఒకడు కావాలి. పాస్టర్ గారి నెత్తిన ఈ భారం పెట్టకండి. ఆయనకు ఆదివారాలు, పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు ఎలాగూ ఉన్నాయి. ఆయన వాక్యం చెప్పాలి, వెన్ను తట్టాలి, డబ్బు మాత్రం ఆయన చేతిలో ఉండకూడదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనం విషయంలో సణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు ఏడుగురిని ఎంపిక చేయించి పని అప్పగించారు. మనకూ అదే దారి.

రెండో అడుగు: నెల రోజులు ఏమీ ఇవ్వకుండా తిరగండి

అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే. ఖాళీ చేతులతో వెళ్ళాలంటే మనకు మొహమాటం. ఏదో ఒకటి పట్టుకుని వెళ్తే మాట త్వరగా కలుస్తుందనిపిస్తుంది. కానీ మొదటి రోజే బియ్యం సంచితో వెళ్తే ఎదుటి మనిషి మనకు తన అవసరాలే చెబుతాడు, తన బతుకు చెప్పడు. పైగా తర్వాత ఎప్పుడు కనిపించినా మన చేతులే చూస్తాడు. అది ఆయన తప్పు కాదు, అలవాటు చేసింది మనం.

ఇద్దరిద్దరుగా వెళ్ళండి. సాయంత్రం ఐదు దాటాక, పనులకు పోయినవాళ్ళు ఇల్లు చేరే వేళకు. అరుగు మీదే కూర్చోండి. మీకేం సాయం కావాలని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ డబ్బే.

"ఎట్టుండావు అవ్వా? అన్నం తిన్నావా?" అని మొదలుపెట్టండి. "నీళ్ళు ఎక్కడ్నించి తెచ్చుకుంటుండావు? ఆస్పత్రికి పోవాలంటే ఎవురు తీసుకుపోతారు?" ఈ రెండు ప్రశ్నలు చాలు, అరగంట మాట నడుస్తుంది. ఆమె చెప్పేటప్పుడు మధ్యలో వాక్యం ఎత్తుకోకండి. కాఫీ ఇస్తే తాగండి. మనం వాళ్ళింట్లో ఏమీ ముట్టకుండా వచ్చేస్తే ఆ సంగతి వీధంతా గుర్తుంచుకుంటుంది.

ఇంటికొచ్చాక నోట్‌బుక్కులో రాసుకోండి. ఇంటికో పేజీ. అది ఇలా ఉండొచ్చు:

"వేపచెట్టు పక్క రేకుల ఇల్లు. అవ్వ, డెబ్బై దాటాయి. మోకాళ్ళు వంగవు, నడుం వంగిపోయింది. పింఛను వస్తుంది. కొడుకు బెంగళూరులో బేల్దారి పని, పండక్కి వస్తాడు. ప్లాంటు నీళ్ళ క్యాను మోయలేక బోరు నీళ్ళే తాగుతోంది. ప్లాంటు ఇంటికి రెండు వీధుల అవతల."

ఈ పేజీని సంఘం కమిటీలో పెట్టి ఏం చేద్దామని అడిగితే చాలామంది వెంటనే బియ్యం, దుప్పటి అంటారు. పేజీ మళ్ళీ చదవండి. అవ్వకు పింఛను ఉంది, తిండికి లోటు లేదు. ఆమెకు కావలసింది రెండు వీధులు క్యాను మోసే మనిషి. మీ యూత్‌లో బైకున్న కుర్రాడు ట్యూషన్‌కు పోయే దారిలో రెండు రోజులకొకసారి ఒక క్యాను దించి పోతే సరిపోతుంది. ఇరవై లీటర్ల నీళ్ళకు అయ్యే ఖర్చు ఆమే ఇచ్చుకోగలదు. ఇవ్వనివ్వండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు సంఘాలకు ఇది మరీ ముఖ్యం. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ తరాలుగా ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళకు గారలు పడతాయి, తర్వాత కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. ఒకసారి ఎముకలకు పట్టాక వెనక్కి తెచ్చే మందు లేదు. నీళ్ళు కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క మాట ఇంటింటికీ చెప్పినా అది సేవే. మీ వీధి బోరు నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయించమని గ్రామ/వార్డు సచివాలయంలో అడగండి.

ప్రాంతాన్ని బట్టి నోట్‌బుక్కు మారుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళకు ఆస్పత్రిలో మాట తెలియదు, హిందీ వచ్చిన మనిషి ఒకరు తోడుంటే అదే పెద్ద ఉపకారం. కొత్తపట్నం తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో, ముఖ్యంగా ప్రభుత్వ సాయం ఖాతాలో పడేలోపు, వడ్డీకి తెచ్చిన అప్పులు పేరుకుంటాయి. నెల్లూరు జిల్లాలో చెరువు గట్ల మీద, కాలువ ఒడ్డున ఉండే యానాది గిరిజన కుటుంబాల్లో ఆధార్ లేనివాళ్ళు, పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. కాగితం లేకపోతే రేషన్ లేదు, పింఛను లేదు.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మన సంఘాలు చాలావరకు ఒక్కో పల్లెలో, అంటే ఊరి బయటి వాడలో, పుట్టినవి. ఒకప్పుడు ఊరు మనల్ని దూరం పెట్టింది, ఆ బాధ మన పెద్దలకు తెలుసు. అదే పని మనం యానాది కాలనీ విషయంలో చేస్తున్నామేమో ఆలోచించండి. హద్దు గీసేటప్పుడు ఆ కాలనీ గీతకు అవతల పడిందంటే గీత మార్చండి.

మూడో అడుగు: ఒక్క పని ఎంచుకోండి

నెల తిరిగాక నోట్‌బుక్కులన్నీ ముందేసుకుని కూర్చోండి. ఎక్కువ ఇళ్ళలో కనిపించిన కష్టం ఏది, అందులో డబ్బు కంటే మనిషి అవసరం ఎక్కువున్నది ఏది, దాన్ని ఎంచుకోండి. చాలా చోట్ల అది రెండింటిలో ఒకటి అవుతుంది: ఆస్పత్రికి తోడు వెళ్ళడం, లేదా కాగితాల పని.

ఆస్పత్రి తోడు గురించి వివరంగా చెబుతాను. ఒంగోలు, నెల్లూరు పెద్దాస్పత్రులకు పల్లె నుంచి ఒంటరిగా వెళ్ళిన ముసలివాళ్ళు సగం మంది ఓపీ చీటీ దగ్గరే అలసిపోతారు. ఏ గది ఎక్కడో తెలియదు, పరీక్షలు రాస్తే ఎటు వెళ్ళాలో తెలియదు, రిపోర్టు రేపు రమ్మంటే మళ్ళీ రారు. మీ మనిషి చేయాల్సింది ఇది. ముందు రోజు సాయంత్రమే ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల స్ట్రిప్పులు ఒక సంచిలో పెట్టించాలి. పరగడుపున రక్త పరీక్ష ఉండొచ్చు కాబట్టి టిఫిన్ డబ్బాలో కట్టించి తీసుకెళ్ళాలి, పరీక్ష అయ్యాక తినిపించాలి. షుగర్ మందులు వాడేవాళ్ళయితే పరగడుపున మాత్ర వేసుకోవాలా వద్దా అని ముందే ఊరి నర్సును (ఏఎన్ఎమ్) అడగాలి. ఓపీ తెరిచేసరికి వరసలో ఉండాలి. డాక్టరు గారి దగ్గర రోగినే మాట్లాడనివ్వాలి, ఆయన చెప్పింది మీరు రాసుకోవాలి. ఆపరేషన్ అన్నారంటే ఆస్పత్రిలోనే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ ఉంటుంది, అక్కడ సాయం చేసే ఉద్యోగి ఆరోగ్యమిత్రను కలవాలి. తిరిగొచ్చాక ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అనేది చదువు రానివాళ్ళకు తెలిసేలా మందు కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసివ్వండి. మూడో రోజు మళ్ళీ వెళ్ళి మాత్రలు లెక్క చూడండి.

కాగితాల పనిలో ఓపిక కావాలి, అంతే. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ మీదున్న కిడ్నీ రోగులకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000 పింఛను. అర్హత ఉండీ రానివాళ్ళు మీ నలభై ఇళ్ళలో ఉన్నారేమో చూడండి. దివ్యాంగులకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి, దాని స్లాటు సచివాలయంలోనే బుక్ చేస్తారు. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉండటం వల్ల కూడా దరఖాస్తులు ఆగిపోతుంటాయి. ముందు అది సరిచేయించండి. సచివాలయం సిబ్బందితో గొడవకు దిగకండి. కానీ ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ రసీదు అడిగి, నంబరు నోట్‌బుక్కులో రాసుకోండి. ఎవరి తరఫున వెళ్ళినా ఆ మనిషిని వెంటబెట్టుకునే వెళ్ళండి. ఓటీపీలు, ఏటీఎం పిన్‌లు మాత్రం ఎవరివీ అడగవద్దు, వాళ్ళే చెబుతామన్నా వద్దనండి.

కొన్ని కష్టాలు మన చేతికి మించినవి. ఇంట్లో భర్త కొడుతున్నాడని ఒక చెల్లెమ్మ చెబితే, సంఘ పెద్దలు పంచాయితీ పెట్టి సర్దుకుపొమ్మనడం కనికరం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి, ఆమె కోరితే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. పిల్లల విషయమైతే 1098, ఒంటరి వృద్ధులకు 14567, మనసు బాగాలేక చచ్చిపోవాలనిపిస్తోందన్నవాళ్ళకు 14416. ఈ నాలుగు నంబర్లూ ప్రతి నోట్‌బుక్కు అట్ట లోపల రాసి ఉండాలి.

నాలుగో అడుగు: డబ్బు, బియ్యం

తక్కువ డబ్బుతోనే మొదలుపెట్టండి. పిడికెడు బియ్యం పద్ధతి మన స్త్రీల సమాజాలకు కొత్త కాదు. పూటపూటా అన్నం వండే ముందు ఒక పిడికెడు పక్కన డబ్బాలో వేసి, నెలకొకసారి మందిరానికి తేవడం. ఆ బియ్యం కంటే, రోజూ పొయ్యి దగ్గర పొరుగింటిని తలచుకోవడం వల్ల వచ్చే మేలు ఎక్కువ. దీన్ని మళ్ళీ పట్టాలెక్కించండి. సేవ నిధిని కానుకల్లో కలపకుండా వేరే ఖాతాలో పెట్టండి, ఇద్దరి సంతకాలు ఉండాలి, నెల చివరి ఆదివారం జమాఖర్చులు చదవాలి. చదివేటప్పుడు సాయం పొందినవాళ్ళ పేర్లు చెప్పకూడదు.

విదేశాల్లో ఉన్న విశ్వాసులో, స్నేహితులో డబ్బు పంపుతామంటే తొందరపడకండి. విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, అది ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పాస్టర్ గారి సొంత ఖాతాకు పంపించుకోవడం చట్టవిరుద్ధం. వీధిలో క్యాను మోయడానికి డాలర్లు అక్కర్లేదు కూడా.

ఐదో అడుగు: షరతు పెట్టకండి

ఈ విషయంలో మన ఒంగోలు చరిత్రే మనకు పాఠం. 1876–78 కరువులో డొక్కలెండిపోయిన జనం వేలమంది మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గరికి వచ్చారు. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు పని కల్పించాడు, కూలి ఇప్పించాడు. బిచ్చం వేయలేదు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకు ఇవ్వకుండా ఆపాడు, తిండి కోసం వచ్చి చేరారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయాకే బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారని మన పెద్దలు గొప్పగా చెప్పుకుంటారు. ఆ సంఖ్య చెప్పేవాళ్ళు దానికి ముందు తలుపు మూసి పెట్టిన ఆ నెలల సంగతి కూడా చెప్పాలి. ఆకలిని అవకాశంగా వాడుకోనందుకే ఆ సంఘం నిలబడిందని నేను నమ్ముతాను.

కాబట్టి క్యానుతో పాటు కరపత్రం ఇవ్వకండి. ఆదివారం రమ్మని గుర్తుచేయకండి. ఆమె రాకపోయినా క్యాను ఆగకూడదు, ఈ సంగతి ఆమెకు నోటితో చెప్పండి. "ప్రార్థన చేయమంటావా అవ్వా?" అని అడగవచ్చు. వద్దంటే మీ ఇంటికొచ్చాక మనసులో చేసుకోండి. మన నమ్మకం గురించి వాళ్ళే అడిగితే దాచనక్కర్లేదు, సూటిగా చెప్పండి. పిల్లలకు ట్యూషన్ పెడితే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. అక్కడ పాఠాలే చెప్పండి, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి.

ఫొటోల సంగతి ఒక్క మాటలో: వద్దు. చెయ్యి చాచిన మనిషి ముఖం వాట్సాప్‌లో తిరగడం ఆయన బిడ్డలు చూస్తారు.

వేరే మతస్తుల పనుల్లో చేయి కలపడానికీ వెనకాడకండి. నెల్లూరులో మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు స్వర్ణాల చెరువుకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ఆ దారిలో ఎండన పడి వచ్చేవాళ్ళకు బ్యానరు లేకుండా మంచినీళ్ళు పోస్తే ఎవరి విశ్వాసమూ తగ్గిపోదు. మీ వీధి గుడి కమిటీ పెద్దను, మసీదు పెద్దను మొదటి నెలలోనే వెళ్ళి కలవండి. ఏం చేస్తున్నారో వాళ్ళకు ముందే తెలిస్తే పుకార్లకు చోటుండదు. వాళ్ళ చేతిలోనూ అవసరమైన ఇళ్ళ జాబితా ఉంటుంది.

ఆరో అడుగు: తుపానుకు ముందే సిద్ధం

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గండమే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు చుట్టూ ఊళ్ళు ఏమయ్యాయో చూశాం. సెప్టెంబరులోనే తహసీల్దార్ ఆఫీసులో మాట్లాడి, మందిరం హాలు అవసరమైతే వాడుకోవచ్చని చెప్పండి. తాళాలు ఎవరి దగ్గరుంటాయి, మరుగుదొడ్డికి నీళ్ళెలా, వంట పాత్రలు ఎక్కడ, ఇవి తేల్చుకోండి. నోట్‌బుక్కు నుంచి మంచాన ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఒంటరివాళ్ళ జాబితా వేరుగా తీయండి. ఎవరిని ఎవరు తీసుకొస్తారో పేరుకు పేరు రాయండి. వాన మొదలయ్యాక ఇవేమీ కుదరవు.

ఏడో అడుగు: సంఘం లోపల

బయట తిరిగేవాళ్ళు ఆరుగురే ఉంటే ఏడాదికి అలసిపోతారు, మిగతా సంఘం చూస్తూ కూర్చుంటుంది. మూడు నెలలకు ఇద్దరు దిగిపోయి ఇద్దరు కొత్తవాళ్ళు ఎక్కాలి. దిగిపోయేవాళ్ళు కొత్తవాళ్ళను ఇంటింటికీ తీసుకెళ్ళి, "ఇక నుంచి ఈ అమ్మాయి వస్తుంది పెద్దమ్మా" అని పరిచయం చేసే దిగాలి. ఆదివారం సాక్ష్యాల్లో "మేం ఇది చేశాం" అనే మాట రానివ్వకండి. బదులుగా వీధిలో ఏం నేర్చుకున్నారో చెప్పమనండి.

మన బెంచీల మీదే కూర్చునే విధవరాలిని మరిచి వీధిలోకి వెళ్ళడం కూడా జరుగుతుంటుంది. మొదటి నోట్‌బుక్కులో నాలుగు పేజీలు సంఘం ఇళ్ళకే కేటాయించండి.

సాయం పొందినవాళ్ళ నుంచి సాయం తీసుకోవడం నేర్చుకోండి. నడవలేని అవ్వ పిల్లలకు పూలు కట్టడం నేర్పగలదు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు మందిరం గచ్చు బాగుచేయగలడు, కూలి ఇచ్చే చేయించుకోండి.

ఆరు నెలలకొకసారి కూర్చుని ఒక్కో పేజీ చూడండి. పింఛను వచ్చేసిందా, కొడుకు తిరిగొచ్చాడా, ఆ ఇంటికి ఇక మన అవసరం లేదా? అయితే పని ఆపండి, రాకపోకలు మాత్రం ఆపకండి. చేయలేకపోతున్న పని ఉంటే ముందుగా ఆ ఇంటివాళ్ళకే చెప్పండి, "వచ్చే నెల నుంచి మా వాళ్ళు క్యాను తేలేరు, పక్క వీధి ఆటో ఆయనతో మాట్లాడాం, నెలకు ఇంత తీసుకుంటాడు" అని వివరంగా. చెప్పాపెట్టకుండా మానేస్తే ఆమె ఆ రోజు మళ్ళీ బోరు నీళ్ళే తాగుతుంది. ఇవన్నీ అయ్యాక, హద్దులో ఇంకో పది ఇళ్ళు కలపగలరా అని అప్పుడు మాట్లాడుకోండి.